చొక్కా మారినా ముక్క మిగలాలి



ఈ పూట మనం తొడుక్కునే బట్టల గురించి మాట్లాడుకుందాం. ముఖ్యంగా కాలేజీకి పోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు వినాలి. ఇంట్లో అమ్మలు, నాయనమ్మలు కూడా పక్కన కూర్చుంటే ఇంకా మంచిది. ఎందుకంటే నేను చెప్పబోయే దాంట్లో సగం పని వాళ్ల చేతుల్లోనే ఉంది.

ఇప్పటి పిల్లల బట్టలు చూడండి. వదులు టీషర్టు. పక్క జేబుల ప్యాంటు. డెనిమ్ జాకెట్టు. నెత్తిన టోపీ. కాళ్లకు బూట్లు. ఒంటికి హాయిగా ఉంటాయి. బస్సెక్కడానికి, బండి నడపడానికి సులువుగా ఉంటాయి. ఈ మధ్య వీటికి ఇంకో ముచ్చట తోడైంది. జాకెట్టు వీపు మీద అద్దాల కుట్టు. చొక్కా జేబు మీద గవ్వల వరస. సంచి పట్టీకి రంగురంగుల దారం. దేశమంతటా ఈ తీరు కనిపిస్తోంది. ఈశాన్యంలో నాగా శాలువాల గీతలు జాకెట్ల మీదికి వచ్చాయి. మహారాష్ట్రలో వార్లీ బొమ్మలు టీషర్టుల మీదికి వచ్చాయి. మన దగ్గర లంబాడీ కుట్టు వస్తోంది.

ఇది నాకు మనసారా నచ్చిన సంగతి. అయితే మూడు ప్రశ్నలున్నాయి. ఒంటికి హాయి తగ్గకుండా ఎట్లా? కుట్టిన చేతికి సరైన కూలి దక్కేది ఎట్లా? ఆ పని పది కాలాల పాటు నిలిచేది ఎట్లా? ఈ మూడింటికీ పనికొచ్చే ఒక చిన్న ఉపాయం ఉంది. ఈ రోజు నేను చెప్పేది ఆ ఒక్క ఉపాయమే.

కుట్టుపనిని నేరుగా చొక్కా మీద చేయించకండి. విడిగా ఒక గుడ్డ ముక్క మీద చేయించండి. తర్వాత ఆ ముక్కను చొక్కాకు అతికించి కుట్టించండి. మళ్లీ చెప్తున్నాను. ముక్క వేరుగా, చొక్కా వేరుగా. చొక్కా పాడైనప్పుడు ముక్కను ఊడదీసి ఇంకో చొక్కాకు వేసుకోవచ్చు.

ఎందుకో వివరంగా చెప్తాను.

మాది నర్సింహులపేట. మహబూబాబాద్ జిల్లా. ఇక్కడ ఏ దారి పట్టినా కాసేపటికి ఒక తండా వస్తుంది. మరిపెడ వైపు పోండి, దంతాలపల్లి వైపు పోండి, కురవి వైపు పోండి, అంతే. జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులే. గంగారం, కొత్తగూడ వైపు పోతే కోయ గూడేలున్నాయి. మా వైపు మాత్రం లంబాడీ తండాలే ఎక్కువ.

తండాలో చాలా ఇళ్లల్లో ఒక ట్రంకు పెట్టె ఉంటుంది. దాని అడుగున నాయనమ్మ ఫేటియా, కాంచళి, టుక్రి మడతపెట్టి ఉంటాయి. ఫేటియా అంటే కుచ్చుల లంగా. కాంచళి అంటే వెనక తాళ్లతో కట్టుకునే రవిక. టుక్రి అంటే తల మీద కప్పుకునే ముసుగు. తీజ్ పండుగకు అవి బయటికి వస్తాయి. శ్రావణ మాసంలో పెళ్లికాని ఆడపిల్లలు 9 రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతారు కదా, ఆ ఆటపాటల్లో వేసుకుంటారు. మళ్లీ ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికి వేసుకుంటారు. తర్వాత మళ్లీ పెట్టెలోకే.

ఎందుకు పెట్టెలోకి? బరువు. అద్దాలు, గవ్వలు, పూసలు, నాణేలు, గజ్జెలు కలిస్తే ఆ బట్టలు కిలోల బరువు తూగుతాయి. మన దగ్గర మే నెల ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. అంత బరువుతో మిర్చి తోటలో వంగడం కష్టం. ఆర్టీసీ బస్సులో నిలబడడం కష్టం. క్లాసులో కూర్చోవడం కష్టం. కాబట్టి ఆడపిల్లలు చుడీదారుకు మారారు. వాళ్లను తప్పుపట్టేదేమీ లేదు. కాకపోతే వాడకం తగ్గితే కుట్టే చేతులు కూడా తగ్గుతాయి. నాయనమ్మ అన్నీ కుట్టింది. అమ్మ కొంత నేర్చుకుంది. బిడ్డ దాకా వచ్చేసరికి సూది ఆగిపోయింది.

ఇక్కడే మన ముక్క పనికొస్తుంది. నిండు ఫేటియా రోజూ తొడుక్కోలేం. అరచేతి వెడల్పు ముక్క ఒకటి చొక్కా మీద రోజూ ఉండొచ్చు. బరువుండదు. ఉక్కపోయదు. నాయనమ్మ పని మనవరాలి ఒంటి మీద కాలేజీకి పోతుంది.

ఇప్పుడు ఆ కుట్టును కాస్త దగ్గరగా చూద్దాం. అద్దం ఎట్లా నిలుస్తుందో మీకు తెలుసా? అద్దానికి రంధ్రం ఉండదు. జిగురు పెట్టరు. పావలా బిళ్లంత అద్దాన్ని గుడ్డ మీద పెడతారు. బొటనవేలితో అదిమి పట్టుకుంటారు. దాని మీదుగా నిలువుగా రెండు దారాలు లాగుతారు. అడ్డంగా రెండు దారాలు లాగుతారు. నాలుగు దారాలు కలిసి అద్దం మీద చిన్న కిటికీ చట్రంలా నిలుస్తాయి. తర్వాత సూదిని ఆ చట్రంలోంచి దూర్చి, అంచు వెంబడి గుడ్డలో గుచ్చి, కాజా కుట్టినట్టు చుట్టూ తిప్పుకుంటూ వస్తారు. ఒక్కో చుట్టుకు దారం బిగుస్తుంది. చట్రం నాలుగు వైపులా సాగి గుండ్రంగా మారుతుంది. చివరికి అద్దం చుట్టూ దారపు ఉంగరం మిగులుతుంది. అద్దం కదలదు. ఒక్క అద్దానికే ఇంత పని. దాని చుట్టూ గొలుసు కుట్టు, చేపముల్లు కుట్టు, త్రికోణాల ముక్కల అతుకు అదనం.

కర్ణాటకలో బళ్లారి దగ్గర సండూరు ఉంది. అక్కడి లంబాడీ కుట్టులో 14 రకాల కుట్లను పేరు పేరునా గుర్తించారు. 2010లో సండూరు లంబాడీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే అది ఆ ప్రాంతపు సొత్తని చట్టం ఒప్పుకుందన్నమాట. 2023 జులైలో హంపిలో జీ20 సాంస్కృతిక సమావేశం జరిగింది. అక్కడ 450 మందికి పైగా లంబాడీ మహిళలు కుట్టిన 1755 వస్తువులను ఒకేచోట పేర్చారు. గిన్నిస్ రికార్డులోకి ఎక్కింది. అదే కుట్టు, అవే అద్దాలు మన తండాల పెట్టెల్లోనూ ఉన్నాయి.

ఇంకో సంగతి. ముక్క విడిగా కుట్టడం మనం ఇప్పుడు కనిపెట్టింది కాదు. కాంచళి తయారయ్యేదే అట్లా. ఛాతీ మీది ముక్క విడిగా, చేతుల పట్టీలు విడిగా కుట్టుకొని, తర్వాత అన్నీ కలుపుతారు. లంబాడీలు ఒకప్పుడు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగిన వర్తకులు. దక్కన్‌కు వచ్చిన మొఘల్ సైన్యాలకు తిండిగింజలు చేరవేసిన వాళ్లు. రైళ్లు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. తిరుగుతూ బతికే మనిషికి మగ్గం మోసుకుపోవడం కష్టం. సూది, దారం, గుడ్డ ముక్క మాత్రం ఎక్కడికైనా వెంట పోతాయి. మజిలీ దగ్గర కాస్త కుట్టు, తెల్లారితే మళ్లీ మూట. కాబట్టి ముక్కగా కుట్టడం ఆ చేతులకు బాగా తెలిసిన పని.

మన ఇళ్లల్లో కూడా ఇలాంటి అలవాటు ఒకటుంది. మంచి జరీ చీర నలిగిపోయి చిరిగితే అమ్మ ఏం చేస్తుంది? జరీ అంచును జాగ్రత్తగా విప్పుతుంది. దాన్ని బిడ్డ లంగాకు వేస్తుంది. చీర పోయినా అంచు నిలుస్తుంది. కుట్టు ముక్క కూడా అంతే. చొక్కా రెండేళ్లు ఉంటుంది, మూడేళ్లు ఉంటుంది. మంచి కుట్టు దానికి ఎన్నో రెట్లు బతుకుతుంది. నేరుగా చొక్కా మీద కుట్టిస్తే, చొక్కా మెడ చిరిగిన రోజే ఆ కుట్టు కూడా మూలన పడుతుంది. విడిగా కుట్టిస్తే మిగులుతుంది.

సరే, ఇక చేసే పద్ధతి చెప్తాను. నెమ్మదిగా వినండి.

ముందు గుడ్డ. ముక్కకు కాస్త దళసరి నూలు గుడ్డ తీసుకోండి. సాగే గుడ్డ వద్దు. టీషర్టు గుడ్డ సాగుతుంది. సాగే గుడ్డ మీద అద్దం కుట్టు వదులైపోతుంది. నేరుగా టీషర్టు మీద కుట్టించొద్దనడానికి ఇది కూడా ఒక కారణం. గుడ్డను కుట్టుకు ముందే ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరేయండి. ముడుచుకునేది ముందే ముడుచుకుంటుంది.

తర్వాత రంగు. ఎర్ర దారం, నీలం గుడ్డ రంగు పోయే అవకాశం ఉంది. తడిపిన తెల్ల గుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటిందా, ఆ దారం గానీ, ఆ గుడ్డ గానీ వద్దు. లేకపోతే తెల్ల చొక్కా మొదటి ఉతుకులోనే గులాబీ రంగుకు మారుతుంది.

తర్వాత లైనింగ్. ముక్క వెనక పలుచని నూలు లైనింగ్ వేయించండి. కుట్టు వెనక దారపు ముడులుంటాయి. అవి ఒంటికి గుచ్చుకుంటాయి. లైనింగ్ ఉంటే గుచ్చుకోవు. అంచులు లోపలికి మడిచి, చుట్టూ చేత్తో హెమ్మింగ్ చేయించండి. మిషన్ మీద గట్టిగా కుట్టేస్తే తర్వాత ఊడదీసేటప్పుడు గుడ్డ చిరుగుతుంది. హెమ్మింగ్ అయితే బ్లేడు అంచుతో పది నిమిషాల్లో విప్పొచ్చు.

తర్వాత ముక్క వేసే చోటు. ఇది చాలా ముఖ్యం. కాలేజీ బ్యాగు పట్టీ రాసుకునే భుజం మీద వద్దు. చంక దగ్గర వద్దు. ప్యాంటు వెనక జేబు మీద వద్దు, కూర్చుంటే అద్దం పగులుతుంది. మరి ఎక్కడ? ఛాతీ జేబు మీద బాగుంటుంది. చొక్కా చేతి అంచుకు బాగుంటుంది. బ్యాగు వేసుకోని వాళ్లకు వీపు పైభాగం బాగుంటుంది. గుడ్డ సంచికి, టోపీకి కూడా బాగుంటుంది. చిన్నపిల్లల బట్టలకైతే అద్దం మానేసి దారం కుట్టు మాత్రమే వేయించండి.

చొక్కా ఏ గుడ్డదైతే మంచిది? మన ఎండకు డెనిమ్ జాకెట్టు చలికాలం నాలుగు నెలలే. మిగతా కాలమంతా నూలు చొక్కానే హాయి. కొడకండ్లలో నేతన్నలున్నారు. వరంగల్ కొత్తవాడలో నేతన్నలున్నారు. చేనేత గుడ్డతో వదులు చొక్కా కుట్టించి, దాని మీద తండా ముక్క వేయించండి. ఒక్క చొక్కాతో రెండు ఇళ్లకు పని దొరుకుతుంది.

ఉతకడం సంగతి. చొక్కాను తిరగేసి చల్లని నీళ్లలో ఉతకండి. ముక్క మీద బ్రష్ వేయొద్దు. బండకేసి బాదొద్దు. పిండొద్దు. నీడన ఆరేయండి.

ఇంతవరకు హాయి గురించి, మన్నిక గురించి చెప్పాను. ఇప్పుడు కూలి గురించి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది మనసు పెట్టి వినండి. తండాలో ఒక అవ్వ దగ్గరికి పోయి ముక్క కుట్టమన్నారనుకోండి. ఎంత ఇయ్యాలి? బజారులో మిషన్ ముక్క ఇంతకే దొరుకుతుందని బేరం మొదలుపెట్టకండి. లెక్క వేరే ఉంది. ఆ అవ్వ ఆ రోజు మిర్చి ఏరడానికి పోతే ఎంత కూలి వచ్చేదో మీ ఊళ్లో అందరికీ తెలుసు. ముక్కకు రెండు రోజులు పడితే రెండు రోజుల కూలి. మూడు రోజులు పడితే మూడు రోజుల కూలి. దారం, అద్దాలు, గవ్వల ఖర్చు దాని మీద అదనం. చేతిలో విద్య ఉన్నందుకు ఇంకొంత కలపడం న్యాయం. మిర్చి కూలి కంటే తక్కువ వస్తే ఏ బిడ్డా ఈ సూది పట్టుకోదు. ఎందుకు పట్టుకోవాలి?

ముక్క విడిగా ఉండడం వల్ల ఇక్కడ కూడా మేలుంది. మీరు కొలత చెప్పొచ్చు. ఆమె తన ఇంట్లో, తన వీలును బట్టి, పొద్దుగూకినాక, వానపడి చేను పని ఆగినప్పుడు కుట్టొచ్చు. చొక్కా పాడవుతుందన్న భయం ఆమెకు ఉండదు. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత చాలా తండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. మహిళా సంఘాలున్నాయి. నలుగురు స్నేహితులు కలిసి సంఘం ద్వారా పది ముక్కలు అడిగితే పని పంచుకుంటారు, ధర కూడా అందరి ముందు తేలుతుంది.

బజారులో కొనేటప్పుడు చేతి పనో కాదో ఎట్లా తెలుస్తుంది? గుడ్డను తిరగేసి చూడండి. మిషన్ కుట్టుకు వెనక ఒకటే రంగు దారం, ఎక్కువగా తెల్ల దారం, ఒకే తీరుగా పరుచుకొని ఉంటుంది. చేతి కుట్టుకు వెనక కూడా ముందున్న రంగులే కనిపిస్తాయి, ముడులు కనిపిస్తాయి, ఒక కుట్టు పొడుగు, ఒక కుట్టు పొట్టిగా ఉంటుంది. ఇక అద్దాల బొమ్మను గుడ్డ మీద అచ్చు వేసిన టీషర్టులు కూడా ఉన్నాయి. వేలితో తడిమితే చాలు, తెలిసిపోతుంది. అచ్చు బొమ్మ కొనుక్కుంటే కొనుక్కోండి. కానీ దాంట్లో తండా మనిషికి ఒక్క రూపాయి కూడా చేరలేదని తెలుసుకొని కొనండి.

కూలితోపాటు పేరు కూడా ఇయ్యాలి. 2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్‌లో ప్రాడా అనే పెద్ద కంపెనీ చెప్పులు ప్రదర్శించింది. చూస్తే అచ్చం కొల్హాపురి చెప్పులు. మొదట మన దేశం పేరు చెప్పలేదు. ఇక్కడ చెప్పులు కుట్టే పనివాళ్లు, జనం గట్టిగా అడిగాక, అవి భారతీయ చెప్పుల స్ఫూర్తితో చేసినవని ఒప్పుకుంది. కొల్హాపురి చెప్పులకు 2019లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, అడిగేవాళ్లకు అది బలమైంది. అంత పెద్ద కంపెనీని అడిగినప్పుడు, మనల్ని మనం కూడా ప్రశ్నించుకోవాలి. మీ జాకెట్టు చూసి స్నేహితుడు బాగుందంటే ఏం చెప్తారు? ఫలానా తండాలో ఫలానా అవ్వ కుట్టిందని చెప్పండి. ఆమె ఒప్పుకుంటే ముక్క వెనక లైనింగ్ మీద ఆమె పేరు దారంతో రాయించండి. చొక్కా మారినా ఆ పేరు ముక్కతోపాటే పోతుంది.

ఇంకొక్క మాట. అన్నీ అలంకారాలు కావు. లంబాడీ స్త్రీ ముఖానికి ఇరువైపులా జుట్టు నుంచి వేలాడే వెండి ఘుగ్రి, టోప్లి ఉంటాయి. అవి పెళ్లైన ఆడవాళ్ల గుర్తు. మోచేతి పైన వేసుకునే గాజులకూ అట్లాంటి లెక్కే ఉంది. ఇట్లాంటి గుర్తు ఇంకోచోట కూడా ఉంది. ఆంధ్రలో పార్వతీపురం దాటితే ఒడిశాలో రాయగడ జిల్లా. అక్కడ నియమగిరి కొండల్లో డోంగ్రియా కోంధులున్నారు. వాళ్ల ఆడపిల్లలు కుట్టే శాలువాను కపడాగండా అంటారు. ప్రేమకు గుర్తుగా తమవాళ్లకు ఇస్తారు. 2024 జనవరిలో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇట్లాంటివి వాడేముందు ఒక్క మాట అడగాలి. యాడీ, అంటే అమ్మా, ఇది నేను చొక్కాకు వేసుకోవచ్చా అని అడిగితే ఆమె చెప్తుంది. ఏది వేసుకోవచ్చో, ఏది పండుగకు ఉంచాలో ఆమెకే తెలుసు.

పాత బట్టల విషయంలో కూడా జాగ్రత్త. చినిగిపోయిన కాంచళిలో బాగున్న ముక్క మిగిలితే వాడుకోవచ్చు. నిక్షేపంగా ఉన్న ఫేటియాను మాత్రం కత్తిరించొద్దు. అమ్మొద్దు. రేపు ఎవరైనా నేర్చుకోవాలంటే చూసి నేర్చుకునేది దాన్నే.

నేర్చుకోవడం అయ్యే పనేనా అని కొందరికి అనుమానం ఉండొచ్చు. తమిళనాడులో ధర్మపురి జిల్లాలో సిట్టిలింగి అనే లోయ ఉంది. అక్కడ లంబాడీ తండాలున్నాయి. ఒకప్పుడు అక్కడ ఈ కుట్టు దాదాపు పోయింది. పూర్తిగా వచ్చినవాళ్లు ఇద్దరు పెద్దావిడలు మిగిలారు. అక్కడి ఆదివాసీ ఆసుపత్రిని నడిపే డాక్టర్ లలితా రెజీ చొరవతో ఆ ఇద్దరి దగ్గరే మిగతావాళ్లు నేర్చుకున్నారు. పోర్గై అనే సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడు పదుల మంది స్త్రీలు కుర్తాల మీద, సంచుల మీద, దిండు గలీబుల మీద కుట్టి అమ్ముతున్నారు. ఇద్దరి చేతుల నుంచి అంత పని మళ్లీ లేచింది. మన తండాల్లో ఇంకా ఇద్దరి కంటే చాలా ఎక్కువ మందే ఉన్నారు. వాళ్లు ఉండగానే నేర్చుకుందాం.

చెప్పింది ఒకసారి తలుచుకుందాం. ముక్క వేరుగా, చొక్కా వేరుగా. సాగని నూలు గుడ్డ మీద కుట్టించండి. వెనక లైనింగ్ వేయించి, చేత్తో హెమ్మింగ్ చేయించండి. రాసుకోని చోట వేసుకోండి. మిర్చి కూలికి తగ్గకుండా ఇవ్వండి. కుట్టిన మనిషి పేరు చెప్పండి. గుర్తులను అడగకుండా వాడకండి.

తండా పిల్లలకు నాదొక మనవి. ఈ ఆదివారం ఇంట్లో పెట్టె తెరిపించండి. నాయనమ్మతో ఒక్క అద్దం కుట్టించుకొని చూడండి. రెండో అద్దం మీరే కుట్టండి. వంకర పోయినా ఫర్వాలేదు, విప్పి మళ్లీ కుట్టండి. పది అద్దాలు కుట్టేసరికి చేయి తిరుగుతుంది. మిగతా ఊళ్ల పిల్లలకు ఇంకో మనవి. మీ క్లాసులో తండా నుంచి వచ్చే స్నేహితురాలు ఉంటుంది. వాళ్లింట్లో కుట్టేవాళ్లున్నారా అని అడగండి. మీ మొదటి ముక్కను అక్కడే, సరైన ధరకు కుట్టించుకోండి. ఈ కుట్టు నిలవాలంటే దాన్ని రోజూ తొడుక్కునేవాళ్లు కావాలి, దానికి సరిగ్గా డబ్బిచ్చేవాళ్లు కావాలి. ఆ రెండూ మీరు చేయగలరు.